ఎడమచేతి కవచం

నేపుల్స్,
అక్టోబరు 9, 1974

గౌరవనీయులు సవేరియో గారికి,

నా పేరు ఎర్సీలియా. మీ అబ్బాయి ఎత్తోరెతో కలిసి పురావస్తు శాస్త్రం చదివాను. మార్చిలో అంత్యక్రియలకు వచ్చిన విద్యార్థుల్లో నేనూ ఉన్నాను, చర్చిలో ఆఖరి వరసలో. మీరు గమనించి ఉండరు. గమనించే స్థితిలో ఎవరున్నారు గనక.

ఎత్తోరె సగంలో వదిలిన పరిశోధనను పూర్తి చేయమని ప్రొఫెసర్ నాకు అప్పగించారు. పుస్తకం మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి, ముందు అతనిదే. విషయం మీకు తెలిసిందే: మీ ఊరి పొలాల్లో ఒకప్పుడు దొరికిన రోమన్ గ్లాడియేటర్ల శిల్పం, ఎడమచేత్తో కత్తి పట్టిన యోధుడు నడుమ ఉన్నది. ఆ రాయిని ఎవరో సున్నపు బట్టీలో వేసి కాల్చేశారు. అంతకుముందే ఒక చిత్రకారుడు దాన్ని చూసి రాగి రేకు మీద చెక్కి అచ్చు వేయడం వల్ల బొమ్మైనా మిగిలింది. రెండు వందల ఏళ్ళుగా అందరూ ఆ బొమ్మనే చూస్తున్నారు.

ఎత్తోరె కాగితాల్లో ఆ ఎడమచేతి యోధుడి కవచాలన్నీ పెన్సిలుతో విడివిడిగా గీసి ఉన్నాయి. చేతి కవచం పక్కన చిన్న అక్షరాలతో 'ఇది నాన్న చేయాలి' అని ఉంది. ఈ సంగతి మీకెప్పుడైనా చెప్పాడా? చెప్పకపోతే ఇప్పుడు నేను చెబుతున్నందుకు క్షమించండి. చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇట్లు,
ఎర్సీలియా


పియెత్రావల్లె,
అక్టోబరు 27

ఎర్సీలియా గారికి,

ఉత్తరాలు రాయడం నాకు చేతకాదు. మా ఇంట్లో ఆ పని ఎత్తోరెదే. కరెంటు ఆఫీసుకైనా వాడే రాసేవాడు. తప్పులుంటే సర్దుకోండి.

చెప్పాడు. పోయిన క్రిస్మస్‌కి వచ్చినప్పుడు చెప్పాడు. నేను నవ్వాను. "ఒరేయ్, నేను పాల కుండలు, మూకుళ్ళు చేసే కంచరివాణ్ణి. రోముకి సైన్యాన్ని పంపేవాణ్ణి కాదు" అన్నాను. "మూకుడు చేసినవాడు మోచేతికి చేయలేడా నాన్నా" అన్నాడు. వాడి తర్కం ఎప్పుడూ అంతే.

మీకు ఒక సంగతి తెలియాలి. వాడు చిన్నప్పుడు చర్చిలో ఎడమచేత్తో సిలువ గుర్తు వేసుకున్నాడని పాఠం చెప్పే ఆవిడ అందరి ముందూ చేతి మీద కొట్టింది. వీధిలో పిల్లలు 'దెయ్యం చెయ్యి' అని వెంటబడేవారు. ఏడుస్తూ వస్తే మా అమ్మ వాణ్ణి తుల్లియో సెలూన్‌కి తీసుకెళ్ళింది. ఆ అచ్చు బొమ్మ అక్కడ గోడకి ఉంది, అద్దానికి ఎదురుగా. "చూడరా, మన ఊరివాడే. ఏ చేత్తో కత్తి పట్టాడో చూడు. వీణ్ణి ఎవడైనా దెయ్యం చెయ్యి అన్నాడా?" అంది. అంతే. అప్పట్నించీ క్షవరానికి పోతే వాణ్ణి అద్దం వైపు కాదు, గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాలి. లేకపోతే తల వంచేవాడు కాదు. తుల్లియో తిట్టుకుంటూనే కుర్చీ తిప్పేవాడు.

కవచం చేస్తాను. మా మేయరు మునిసిపల్ భవనంలో ఒక గది ఖాళీ చేయించి, దొరికిన కుండపెంకులూ దీపాలూ పెట్టిస్తున్నాడు. వసంతంలో తెరుస్తాడట. మధ్యలో అద్దాల పెట్టెలో ఈ కవచం ఉంటుంది. కింద మావాడి పేరు.

ఎలా చేయాలో చెప్పండి. కొలతలు కూడా కావాలి. రోము సైజు నాకొద్దు. వాడి చేతి సైజు కావాలి. చొక్కా తీసి కొలుద్దామంటే మా ఆవిడ అస్సుంతా వాడి పెట్టె తెరవనివ్వడం లేదు. నేనూ బలవంతం చేయను.

సవేరియో


నేపుల్స్,
నవంబరు 15

సవేరియో గారికి,

మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. తప్పులేమీ కనపడలేదు.

ఎలా చేయాలో చెప్పడం అంత సులువు కాదు. శిల్పంలో యోధుడి చేయి మణికట్టు నుంచి భుజం దాకా అడ్డగీతలతో నిండి ఉంటుంది. ఆ గీతలేమిటన్నదే తగాదా. కొందరు మందంగా కుట్టిన నారబట్టను చేతికి చుట్టి తోలుతాళ్ళతో బిగించారంటారు. కొందరు ఒకదాని మీద ఒకటి ఎక్కిన లోహపు పట్టీలంటారు. శిల్పి గీత చెక్కి ఊరుకున్నాడు. పైన రంగు వేసే ఉంటారు. రంగు చూస్తే బట్టో కంచో ఒక్క క్షణంలో తెలిసేది. ఆ రంగు రాలిపోయింది, తర్వాత రాయే పోయింది. గీతలు మాత్రం మనకు మిగిలాయి. గీత అనే మాటను ఇంతకు ముందు ఎన్నిసార్లు వాడానో, దానిలో ఇంత ఖాళీ ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఎత్తోరె లోహమే అన్నాడు. అతని వాదన నాకు నచ్చింది: బట్టయితే మోచేయి దగ్గర ముడతలు పడాలి, చెక్కినవాడు ముడతలు వదిలేసే రకం కాదు, నడుము గుడ్డ మీద ముడతలన్నీ ఓపిగ్గా చెక్కాడు గదా అని. కాబట్టి పట్టీలే చేయండి. కత్తి పట్టేది ఎడమచేయి గనక కవచం ఎడమచేతికి. డాలు కుడిచేతిలో ఉంటుంది. డాలు వైపు కాలే ముందుకు వేస్తారు, అందుకే పిక్క కవచం కుడికాలికి. శిరస్త్రాణం నున్నగా, గుండులా, కళ్ళకు రెండు చిల్లులతో.

కొలతలు. మణికట్టు నుంచి మోచేయికి నా జానెడు మీద నాలుగు వేళ్ళు. మోచేయి నుంచి భుజానికి జానెడున్నర, ఒక గోరు తక్కువ. మణికట్టు చుట్టూ నా బొటనవేలూ మధ్యవేలూ కలవవు, మధ్యలో చిటికెన వేలు పట్టేంత ఎడం మిగులుతుంది. నా చేయి ఎంతదో మీకు తెలియదు గనక ఇంకో కాగితం మీద చేయి పెట్టి చుట్టూ గీసి పంపుతున్నాను.

ఎర్సీలియా


పియెత్రావల్లె,
జనవరి 19, 1975

ఎర్సీలియాకి,

నీ చేతి బొమ్మను రేకులు కొట్టే దాగలి పైన గోడకి మేకు కొట్టాను. కొట్లోకి వచ్చినవాళ్ళు "ఎవరిదిది, ఏ పునీతురాలిదీ?" అని అడుగుతున్నారు. "మా ఆర్కిటెక్టుది" అంటున్నాను.

మొదటి కవచం పాడుచేశాను. రాగిరేకుని కాల్చి మెత్తబరిచి పట్టీలుగా వంచి, తోలు మీద రివెట్లతో బిగించి, ఎంతో ముచ్చటగా ఉందని తుల్లియో చేతికి తొడిగాను. వాడి చేయి కాస్త బొద్దు. తొడిగాక మోచేయి వంగలేదు. తీద్దామంటే రాలేదు. వాడు గంటసేపు సంతలో బస్సు ఆపేవాడిలా చెయ్యి చాచుకుని నిలబడ్డాడు.

"సవేరియో, నాకు మూడు గడ్డాలు ఎదురుచూస్తున్నాయి" అంటాడు.

"కుడిచేత్తో గీయి."

"కుడిచేత్తోనే గీస్తాను, కానీ ముక్కు పట్టుకోడానికి ఈ చెయ్యి కావాలి గదా."

అస్సుంతా ఆలివ్ నూనె పోసి లాగింది. లాగుతూ నవ్వింది. మార్చి తర్వాత అది నవ్వడం నేను వినలేదు. ఆ కవచం పాడైనందుకు నాకేమీ బాధ లేదు.

రెండోదానికి పట్టీలు సన్నం చేసి, మోచేయి దగ్గర ఇంకా సన్నం చేసి, ఒకదాని మీద ఒకటి జారేలా పెట్టాను. ఇప్పుడు వంగుతోంది.

ఇంకొక మాట. నీ కొలతల కాగితం అస్సుంతా చదివించుకుంది. రెండోసారి చదవమంది. తర్వాత పొయ్యిలో కట్టె ఎగదోసి, "తోటి విద్యార్థులకి ఇవన్నీ గోళ్ళతో సహా తెలుస్తాయా?" అంది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నిన్ను అడగడం లేదు. ఆ పిల్ల సరిగ్గా తింటోందో లేదో కనుక్కో అని మాత్రం రాయమంది. ఈ పొట్లంలో సోంపు వేసిన బిస్కెట్లున్నాయి. గట్టిగా ఉంటాయి, ద్రాక్షసారాలో ముంచుకుని తిను.

మేయరు అద్దాల పెట్టె చేయించాడు. పలక మీద రాయాల్సింది నాకు చూపించాడు: 'పియెత్రావల్లె ఎడమచేతి యోధుడు. గుర్తించి చెప్పినవాడు ఎత్తోరె.' బాగుంది గదా.

సవేరియో


నేపుల్స్,
ఫిబ్రవరి 11

సవేరియో గారికి,

బిస్కెట్లు అందాయి. అస్సుంతా గారికి నా కృతజ్ఞతలు చెప్పండి. నేను బాగానే తింటున్నాను.

ఇక్కడ ఒకటే వాన. లైబ్రరీలో కిటికీల పక్క బల్లలన్నీ తడిసి మమ్మల్ని లోపలి గదిలో కూర్చోబెట్టారు. పరీక్షలు కూడా దగ్గరికొస్తున్నాయి.

ఒక చిన్న మనవి. కవచానికి ఆఖరి రివెట్లు అప్పుడే కొట్టకండి. పలక కూడా అప్పుడే చెక్కించవద్దని మేయరు గారికి చెప్పగలరా? ఒకటి రెండు విషయాలు మళ్ళీ చూసుకోవాలి. పెద్దవేమీ కాదు. ఇలాంటి పనిలో ఆఖరిదాకా చూస్తూనే ఉండాలని ప్రొఫెసర్ అంటూంటారు.

మీ ఊళ్ళో మంచు పడిందా?

ఎర్సీలియా


పియెత్రావల్లె,
ఫిబ్రవరి 20

ఎర్సీలియాకి,

మంచు పడింది. కరిగింది. రివెట్లు కొట్టేశాను.

పోయిన మార్చిలో ఆసుపత్రి వరండాలో డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఊరి నుంచి ఏ దారిన వచ్చారు, దారి బాగుందా, చలి ఎలా ఉంది అని అడిగాడు. వాడి జ్వరం సంగతి ఆ తర్వాత చెప్పాడు. అప్పట్నించీ ఎవరైనా నాతో వాతావరణం మాట్లాడితే నా ఒళ్ళు చల్లబడుతుంది.

ఏమిటో చెప్పు.

సవేరియో


నేపుల్స్,
మార్చి 2

సవేరియో గారికి,

చెబుతాను.

జనవరి చివర్లో మ్యూజియానికి వెళ్ళాను. చేతి కవచాలున్న బొమ్మలు మళ్ళీ చూద్దామని. మేడ మీదికి పోయే దారిలో పాత ప్రభువుల పాలరాతి విగ్రహాలు వరసగా నిలబడి ఉంటాయి, పొడవాటి ఉత్తరీయాలు చుట్టుకుని. రోజూ చూసేవే. ఆ రోజు ఎందుకో ఆగాను. అందరి ఉత్తరీయమూ ఎడమ భుజం మీదే ఉంది. కుడిచేయి బయటికి ఉంది. ఆ కాలంలో అందరూ అలాగే వేసుకునేవారు, అది మొదటి ఏడాదే చదువుకున్నాం. మన అచ్చు బొమ్మలో పైన కుర్చీలో కూర్చుని ఆట చూస్తున్న ప్రభువు గుర్తున్నాడా? నాకు మాత్రం అతను ఎలా ఉంటాడో గుర్తుకు రాలేదు. నెలల తరబడి ఆ బొమ్మ నా బల్ల మీద ఉంది, ఒక్కసారీ అతన్ని చూడలేదన్నమాట. పరుగెత్తుకుంటూ గదికి వచ్చాను. అతని ఉత్తరీయం కుడి భుజం మీద ఉంది.

తర్వాత మిగతావాళ్ళను చూశాను. పోటీ నడిపే మధ్యస్థుడు కర్ర ఎడమచేత్తో పట్టుకున్నాడు. పడిపోయినవాడి కత్తి అతని ఎడమచేతి పక్కనే ఉంది. ఒకడు ఎడమచేతివాడైతే నమ్ముతాం. అందరూనా? ఎడమచేయి పుట్టుకతో వస్తుంది. ఉత్తరీయం తిరగేసి వేసుకుని ఎవరూ పుట్టరు.

రాగిరేకు మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద నొక్కితే బొమ్మ తిరగబడుతుంది. అందుకే చెక్కేవాడు ముందే తిప్పి చెక్కాలి. ఈ చిత్రకారుడు కింది అక్షరాలు తిప్పి చెక్కాడు, అక్షరం తిరగబడితే పిల్లవాడైనా నవ్వుతాడు గనక. బొమ్మను రాతి మీద ఎలా ఉందో అలాగే చెక్కేశాడు. అచ్చులో కుడి ఎడమైంది. రెండు వందల ఏళ్ళుగా అందరం నడిమివాణ్ణే చూశాం, చుట్టూ ఉన్నవాళ్ళను చూడలేదు.

మీ ఊరి యోధుడు కుడిచేతివాడు, సవేరియో గారూ.

నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? రాయి కాలి సున్నమై ఏ గోడకో చేరింది. వచ్చి సాక్ష్యం చెప్పదు. ఎత్తోరె పేరు మీద ఉన్న ఒకే ఒక్క మాటను నా చేత్తో నేనే కొట్టేయాలా అని ఎన్నోసార్లు కలం పక్కన పెట్టేశాను. కానీ బతికి ఉంటే అతనే ముందు చూసేవాడేమో, చూస్తే దాచేవాడు కాదు. అతని పేరుతో నేను దాస్తే అది అతను దాచినట్టే అవుతుంది. ప్రొఫెసర్‌కి నిన్న చెప్పాను. పుస్తకంలో ఉన్నదున్నట్టు రాస్తాను.

అస్సుంతా గారు అడిగినదానికి జవాబు: తెలియవు. తోటి విద్యార్థులకు అవేవీ తెలియవు. సాంతా లూచియా వైపు సముద్రపు గోడ మీద కూర్చున్నప్పుడు, ఆ చెయ్యి నా ఒళ్ళో పెట్టించుకుని నా జానతో కొలిచాను. కవచం కోసం కాదు, ఊరికే. పోయిన ఈస్టర్‌కి నన్ను మీ ఇంటికి తీసుకొస్తానన్నాడు. "మా నాన్నని ఏమని పిలుస్తావు?" అని ఏడిపించేవాడు. నేను ఒక మాట అనుకుని పెట్టుకున్నాను. ఈస్టర్ కంటే ముందు మార్చి వచ్చింది.

ఇది చదివాక మీరు నాకు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

ఎర్సీలియా


నేపుల్స్,
ఏప్రిల్ 14

సవేరియో గారికి,

ఈస్టర్ కూడా అయిపోయింది. మీరు రాయలేదు. రాయమని అడగడానికి కాదు ఈ ఉత్తరం. పుస్తకంలో ఆ అధ్యాయం పూర్తయిందని చెప్పడానికి. ఎత్తోరె చెప్పినది ఒకటి నిలబడింది: గీతలు లోహపు పట్టీలే. నడుము గుడ్డ ముడతల వాదన అతని మాటల్లోనే పెట్టాను. ప్రొఫెసర్ చదివి ఒక్క అక్షరం మార్చలేదు.

ఎర్సీలియా


పియెత్రావల్లె,
మే 25

అమ్మా ఎర్సీలియా,

ఇన్నాళ్ళు రాయలేదు. కోపం వల్ల. మొదట నీ మీద, తర్వాత ఆ చెక్కినవాడి మీద. వాడు చచ్చి రెండు వందల ఏళ్ళయింది, వాణ్ణి ఎంత తిట్టినా మనకి ఒరిగేదేముంది. కొట్టు తెరవలేదు. అస్సుంతా మూకుడికి మాటు వేయించుకోడానికి వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపేసింది.

ఈస్టర్ ముందు గడ్డం గీయించుకోడానికి పోయాను. తుల్లియో నన్ను అద్దం వైపు కూర్చోబెట్టి నురగ పూశాడు. అద్దంలో నా వెనక గోడ కనపడుతుంది, గోడ మీద బొమ్మ. చూశాను. కత్తి కుడిచేతిలో ఉంది. కర్ర కుడిచేతిలో ఉంది. పైనున్న దొర ఉత్తరీయం ఎడమ భుజం మీద ఉంది. నువ్వు రాసినట్టే, అన్నీ.

పెళ్ళికి ముందు నుంచీ ఆ కుర్చీలో కూర్చుంటున్నానమ్మా. ఊరంతా కూర్చుంటోంది. అద్దం తిప్పి చూపిస్తోందనుకున్నాం.

"ఏంటలా చూస్తావు? నీ మొహం పెళ్ళినాడూ ఇంతే" అన్నాడు తుల్లియో.

చెప్పాను. వాడు కత్తి పక్కన పెట్టేశాడు. "అందుకేనా కుర్చీ తిప్పమనేవాడు" అన్నాడు. ఏమిట్రా అంటే అప్పుడు చెప్పాడు. ఎత్తోరెకి ఆరేడేళ్ళప్పుడు, కుర్చీ చేతుల మీద పలక వేసి కూర్చోబెడితే, అద్దంలోకి చూసి, "తుల్లియో మామా, అద్దంలో వాడు నాలాంటివాడు కాదు. గోడ మీదవాడి వైపు తిప్పు" అన్నాడట. తుల్లియో తిప్పాడట. తర్వాత కాలేజీకి పోయి మీసాలొచ్చినా అడగకుండానే తిప్పేవాడట. నాకెప్పుడూ చెప్పలేదు. పిల్లాడి మాట, చెప్పేదేముంది అనుకున్నాడట.

నా గడ్డం మీద నురగ ఆరిపోయింది.

మా అమ్మ వాడికి అబద్ధం చెప్పిందా అని చాలా రోజులు ఆలోచించాను. ఆవిడకీ తెలియదు గదా. ఆ బొమ్మ తప్పో ఒప్పో, వాడు ఏడుపు ఆపింది మాత్రం దాన్ని చూసే.

మరునాడు కొట్టు తెరిచాను. కుడిచేతికి ఇంకొకటి చేశాను, నా చేతి కొలతతో. పనితనం బాగానే కుదిరింది. నిన్న గది తెరిచారు. అద్దాల పెట్టెలో ఉన్నది అదే. పలక మీద నువ్వు రాసిన నిజమే వేయించాను, మేయరు గొణిగాడు, 'ఎడమచేతి' అంటే చూడ్డానికి నాలుగు ఊళ్ళవాళ్ళు వచ్చేవారు సవేరియో అని. రానివాళ్ళు రాకపోనీ అన్నాను. తుల్లియో తన బొమ్మ మాత్రం దించనన్నాడు. దించమని నేనూ అడగలేదు.

ఎడమచేతిది నేను పెట్టెలో పెట్టనివ్వలేదు. అది రోము వాళ్ళది కాదు. ఏ గ్లాడియేటరూ తొడుక్కోనిది. దాన్ని ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాను. అస్సుంతా చేతులు తుడుచుకుని వచ్చి చూసింది. లోపలి గదిలోకి పోయింది. పెట్టె మూత చప్పుడు వినపడింది.

వాడి నీలం చొక్కా తెచ్చింది. ఎడమ చెయ్యిని బల్ల మీద పరిచి, పక్కన కవచాన్ని పెట్టి, మణికట్టు దగ్గర నుంచి భుజం కుట్టు దాకా వేలితో నెమ్మదిగా తడుముకుంటూ పోయింది.

సరిపోయిందమ్మా. మనం ఆ బొమ్మలో అన్నీ తిరగేసి చదివాం గానీ, నీ జాన తప్పలేదు.

కవచం నీ కోసం ఉంచాం. పోస్టులో పంపను. నువ్వే వచ్చి తీసుకో. ఏమని పిలవాలనుకున్నావో ఆ మాట గుమ్మంలోనే అను, అస్సుంతా కూడా వినాలి.

మీ మామయ్య,
సవేరియో